వేళ్ళకు వయసు వస్తుందా?

ఈ వారం నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొని మాట మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం సంగతి. అప్పుడు నేను కోనసీమలోనే ఒక విచారణలో పనిచేస్తున్నాను. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ దేవాలయంలో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరుండేవారు. వయసు డెబ్భై నాలుగు. పడుచుతనంలో పద్యనాటకాలకు వాయించారు. ఆ తర్వాత గుడికి వచ్చి నలభై ఏళ్ళపాటు ఆదివారం తప్పకుండా పూజలో వాయించారు. ఎడమచేయి తిత్తి మీద, కుడిచేయి మెట్ల మీద, చూపు మాత్రం బలిపీఠం మీద ఉండేవి. గురువు ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతిలో అందుకునేవారు. నాలాంటివాడు మధ్యలో శ్రుతి తప్పినా జనానికి తెలియనిచ్చేవారు కాదు.

ఆ యేడు గల్ఫులో పనిచేస్తున్న మన ఊరి కుర్రాళ్ళు చందాలు వేసుకుని గుడికి ఒక కీబోర్డు కొనిచ్చారు. వాయించడానికి ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు దొరికాడు. చురుకైనవాడు. డ్రమ్ముల శబ్దం, వేణువు శబ్దం అన్నీ అందులోనే పలికించేవాడు. యువతకు ఉత్సాహం వచ్చింది. పాస్కా పండుగ అయిన వారం నేనే పెద్దాయనను పిలిచి, "ఇన్నాళ్ళూ శ్రమపడ్డారు, ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నాను. ప్రేమతోనే అన్నాననుకున్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయ్, అలాగేనండి ఫాదరుగారూ" అని, హార్మోనియం మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయారు.

మరుసటి సంవత్సరం వేసవిలో ఆ అబ్బాయి చదువుకని హైదరాబాదు వెళ్ళిపోయాడు. విచారణ పండుగ దగ్గర పడింది. మళ్ళీ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన మారుమాట లేకుండా వచ్చి కూర్చున్నారు. తిత్తి కదిలింది కాని పాట రాలేదు. తనకు నలభై ఏళ్ళుగా తెలిసిన పాటలోనే వేలు ఒక మెట్టు మీదికి వెళ్ళబోయి పక్క మెట్టు మీద పడింది. రెండో చరణానికి ఆపేశారు. వెనుక బల్లల్లో ఎవరో "వయసైపోయింది పాపం" అన్నారు. ఆయన నా వైపు చూసి మెల్లగా, "ముట్టుకుని పదమూడు నెలలైందండి" అన్నారు.

అది వయసు చేసిన పని కాదని ఆ పూటే నాకు తెలిసింది. పదమూడు నెలల కిందట కూడా ఆయన ముసలివారే. అప్పుడు వేళ్ళు మాట విన్నాయి. మధ్యలో జరిగింది ఒక్కటే, ఆయన వాయించడం నేను మాన్పించాను.

అప్పటినుంచి ఒక ప్రశ్న నా వెంటపడింది. ఎన్నో ఏళ్ళు కష్టపడి నేర్చుకున్న విద్య ముసలితనంలో నిలుస్తుందా, పోతుందా? పోతే అందులో వయసు తీసుకుపోయేది ఎంత, మనం తీసేసేది ఎంత?

పెద్ద వాద్యకారుల మాట

హార్మోనియం మెట్ల వరుసా, పియానో మెట్ల వరుసా ఒకే తీరువి. పాశ్చాత్య దేశాలలో పియానో కచేరీ చేసేవారి కష్టం మామూలుది కాదు. అరగంట పాటు సాగే రచనను పుస్తకం చూడకుండా, రెండు చేతులతో, నిమిషానికి వందల స్వరాలు పలికిస్తూ వాయించాలి. వయసు పెరిగేకొద్దీ కీళ్ళు బిగుస్తాయి, కండ తగ్గుతుంది, మెదడునుంచి వేలికి వెళ్ళే ఆజ్ఞ నెమ్మదిస్తుంది, చెవికి సన్నని ధ్వనులు అందవు, అలసిన చేయి తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఇవన్నీ నిజాలే. అయినా ఎనభై దాటి, తొంభై దాటి వాయించినవారు ఉన్నారు.

ఆర్థర్ రూబిన్‌స్టైన్ అనే పోలెండు వాద్యకారుడు 1887లో పుట్టారు. 1976లో లండనులోని విగ్మోర్ హాలులో చివరి కచేరీ చేసేనాటికి ఆయనకు ఎనభై తొమ్మిదేళ్ళు. చూపు చాలావరకు పోయింది. మియెచిస్లావ్ హోర్షోవ్‌స్కీ అనే మరొకరు 1892లో పుట్టారు. ఆయన మనిషి చిన్న, చేతులూ చిన్నవే. 1991లో, అంటే తొంభై తొమ్మిదేళ్ళ వయసులో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆఖరి కచేరీ చేశారు. నూరేళ్ళు నిండిన తర్వాత 1993లో కన్నుమూశారు. మెనాహెమ్ ప్రెస్లర్ అనే ఆయన బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో మొదటిసారి వాయించింది 2014లో, తొంభై ఏళ్ళ వయసులో.

మన దగ్గర లేరా? ఉన్నారు. రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఎనిమిదేళ్ళ పిల్లవాడిగా కచేరీ మొదలుపెట్టి ఎనభై దాటిన తర్వాత కూడా పాడారు. 2016లో మరణించారు. ఆయనకూ, ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1926లో పుట్టిన ఫిడేలు విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారికీ గురువు ఒక్కరే, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. రామస్వామిగారికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆయన వయసు తొంభై నాలుగు. తొంభై దాటినా ఫిడేలు వదలని మనిషి.

వీరందరూ అసాధారణులు, మనలాంటివారి సంగతి వేరు అంటారేమో. ఈ మాట నిజమో కాదో పరీక్షించినవారు ఉన్నారు. రాల్ఫ్ క్రాంపె, ఆండర్స్ ఎరిక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. వృత్తిగా పియానో వాయించేవారినీ, సరదాకు వాయించేవారినీ తీసుకుని, ఇరవైల వయసువారితో అరవై దగ్గరున్నవారిని పోల్చి చూశారు. మామూలు పనుల్లో, అంటే ఒక గుర్తు కనబడగానే మీట నొక్కడం వంటివాటిలో, ముసలి విద్వాంసుడు కూడా తక్కిన ముసలివారిలాగే నెమ్మదించాడు. దేవుడు అతనికి ప్రత్యేకమైన నరాలేమీ ఇవ్వలేదు. కాని వేళ్ళను వేగంగా, రెండు చేతుల పొందికతో కదిలించే పని ఇచ్చినప్పుడు అతడు పడుచు విద్వాంసులకు దగ్గరగా నిలబడ్డాడు. ఎవరు ఎంతవరకు నిలబడ్డారన్నది దేనిమీద ఆధారపడిందని చూస్తే, చిన్నప్పటి ప్రతిభ మీద కాదు, గడచిన పదేళ్ళలో శ్రద్ధపెట్టి చేసిన సాధన మీద అని తేలింది.

అంటే నలభై ఏళ్ళు సంపాదించి బ్యాంకులో వేసుకున్న సొమ్ములాంటిది కాదు విద్య. మా పెద్దాయనకు నలభై ఏళ్ళ అనుభవం ఉంది. పదమూడు నెలల మౌనం దాన్ని కప్పేసింది.

తక్కువ వాయించు, బాగా వాయించు

ఇక వారు దాన్ని ఎలా నిలుపుకున్నారో చూద్దాం. వృద్ధాప్యాన్ని గురించి పరిశోధించిన పాల్ బాల్టెస్ అనే జర్మను పండితుడు తరచు రూబిన్‌స్టైన్ ఉదాహరణే చెప్పేవారు. ఎనభై ఏళ్ళ వయసులో ఇంత బాగా ఎలా వాయిస్తున్నారని ఒక ముఖాముఖిలో అడిగితే ఆయన మూడు సంగతులు చెప్పారట. ఒకటి, వాయించే రచనల సంఖ్య తగ్గించారు. రెండు, ఆ కొద్దిపాటి రచనలనే మునుపటికంటే ఎక్కువగా సాధన చేశారు. మూడవది కొంచెం గడుసుతనం. వేగంగా సాగే భాగం వచ్చేముందు కొద్దిగా నెమ్మదిస్తారు. ఆ నెమ్మది తర్వాత వచ్చే వేగం వినేవారికి అసలైనదానికన్నా ఎక్కువగా తోస్తుంది.

ఇది మన కోనసీమలో కొబ్బరి దింపు తీసే మనిషికి తెలియని రహస్యమా? పాతికేళ్ళవాడు రోజుకు ఎన్ని చెట్లయినా ఎక్కుతానంటాడు. యాభై దాటినవాడు ముందు చెట్టు మొదట్లో నిలబడి పైకి చూస్తాడు. గాలి, తడి, గెల ఎటు ఉందీ అన్నీ చూసుకుని కొద్ది చెట్లే ఎక్కుతాడు. కాని ఎక్కిన చెట్టు మీద అనవసరమైన కదలిక ఒక్కటీ ఉండదు. బలం తగ్గినచోట లెక్క వచ్చి చేరుతుంది.

పియానో వాయించేవారూ అంతే. వేలి బలం మీద ఆధారపడకుండా చేతి బరువును మెట్టు మీద వాలనిస్తారు. దూరంగా చాపవలసిన స్వరాలకు తమ చేతికి అనువైన వేలు మార్చుకుంటారు. వేగమైన భాగాన్ని ముందు చాలా నెమ్మదిగా, ఒక్కో చేతితో విడిగా సాధన చేస్తారు. ఒకే బిగిన మూడు గంటలు కూర్చోక, మధ్యమధ్య విశ్రాంతినిస్తూ కొద్దికొద్దిగా చేస్తారు. నొప్పి పుడితే ఆపుతారు. మరునాడు మళ్ళీ కూర్చుంటారు. ఆ "మరునాడు మళ్ళీ" అన్నదే అసలు సంగతి. స్పెయిను దేశపు పాబ్లో కాసల్స్ చెల్లో వాద్యంలో ప్రపంచ ప్రసిద్ధుడు. తొంభై దాటిన తర్వాత కూడా పొద్దున్నే పియానో ముందు కూర్చుని బాఖ్ సంగీతం వాయించి దినచర్య మొదలుపెట్టేవారు. మనం ఉదయ ప్రార్థన చేసుకున్నట్టు.

'అబ్బిన' విద్య

మహా గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మమ్మల్ని బాగా విసిగించిన మాట ఒకటుంది, లతీను భాషలో 'హాబితుస్'. అలవాటు అని అర్థం చెప్పుకునేవాళ్ళం. అది సరిపోదు. పొద్దున్నే కాఫీ తాగడం అలవాటు. వాయించడం వచ్చి ఉండటం వేరు. దానికి తెలుగులో చక్కని మాట ఉంది, 'అబ్బడం'. విద్య అబ్బింది అంటాం. చేయగా చేయగా మనిషిలో పాతుకుపోయి, అతని రెండో స్వభావంగా మారిన గుణం అది. పాడగా పాడగా రాగం మెరుగవుతుందని, తినగా తినగా వేము తీపెక్కుతుందని మన వేమన చెప్పింది దీన్నే.

అబ్బిన విద్యకు గుర్తు, ప్రతి కదలికకూ ఆలోచించనక్కరలేకపోవడం. పునీత తోమాసు అక్వీనాసు యౌవనంలో ప్రకృతి సూత్రాలపై రాసిన చిన్న గ్రంథంలో వీణవంటి వాద్యం వాయించేవాడిని ఉదాహరణగా తీసుకున్నాడు. ప్రతి తంతి మీటే ముందూ ఆలోచించుకోవలసిన అవసరం అతనికి లేదంటాడు. దీన్ని చూడాలంటే ఆత్రేయపురం వెళ్ళండి. బోర్లించిన కుండ కింద మంట, పక్కనే పల్చని బియ్యప్పిండి జావ. గుడ్డను అందులో ముంచి కుండమీద ఒక్క లాగు లాగితే కాగితంకన్నా పల్చని పూతరేకు లేస్తుంది. ఆ పని చేసే పెద్దావిడను ఎంత వేడి, ఎంత వేగం అని అడగండి. చెప్పలేదు. ఆమె చేయి చెబుతుంది.

ఇలా అబ్బినది ఊరికే ఉంటే పోతుందా? సరిగ్గా ఈ ప్రశ్ననే అక్వీనాసు తన వేదాంత సంగ్రహంలో, రెండవ భాగపు మొదటి ఖండంలో, యాభై మూడో అంశం కింద వేసుకున్నాడు. ఆయన జవాబు నన్ను ఆ పండుగ రాత్రి నిద్రపోనివ్వలేదు. కాలం దానంతట అది గుణాన్ని తినేయదు అంటాడు. కాని మనం చేస్తూ ఉన్నంతకాలం ఆ చేత కొన్ని విరుద్ధమైన వాటిని అణచిపెట్టి ఉంచుతుంది. చేయడం ఆపేస్తే అవి తలెత్తుతాయి. అవి గుణాన్ని బలహీనపరుస్తాయి, చివరికి పోగొడతాయి.

మన కాలువలు చూడండి. గుర్రపుడెక్క తీస్తూ ఉన్నంతకాలం నీరు చివరి చేను వరకూ పారుతుంది. రెండేళ్ళు తీయకపోతే కాలువ ఎక్కడికీ పోదు, గోదావరీ ఎక్కడికీ పోదు. కాని చివరి చేనుకు నీరు అందదు. కాలువ ముసలిదైపోయిందని ఎవరమైనా అంటామా? తీయవలసినవారు తీయలేదు అంటాం.

అదేచోట అక్వీనాసు స్నేహం సంగతి కూడా చెబుతాడు. మాటలు లేకపోవడం వల్ల ఎన్నో స్నేహాలు కరిగిపోయాయని అరిస్తోతిలు అన్న మాటను గుర్తుచేస్తాడు. వేళ్ళకు వర్తించేదే హృదయానికీ వర్తిస్తుంది. కొట్లాడుకుని విడిపోయిన అన్నదమ్ములకంటే, పలకరింపులు తగ్గి తగ్గి పరాయివారైపోయిన అన్నదమ్ములే మన కుటుంబాల్లో ఎక్కువ.

ఇంకొక సూక్ష్మమైన మాట కూడా ఉంది. ప్రతి పనీ గుణాన్ని పెంచదంటాడు. ఉన్న గుణానికి తగినంత శ్రద్ధ లేకుండా, తూతూ మంత్రంగా చేసిన పని దాన్ని తరుగుదలవైపే నడిపిస్తుందట. ముసలి వాద్యకారుడు ఎందుకు తక్కువ రచనలు ఎంచుకుంటాడో ఇప్పుడు అర్థమవుతుంది. ఇరవై పాటలు సగం మనసుతో వాయించడంకన్నా రెండు పాటలు నిండు మనసుతో వాయించడమే విద్యను బతికిస్తుంది. ఇరవై అయిదేళ్ళకు పైగా పూజ చేస్తున్న నాకూ ఈ మాట తగిలింది. ఎన్నో పూజలు చేసిన అనుభవం వేరు, ఈవేళ చేసే పూజలో నా మనసు ఉండటం వేరు.

మరి యువతకు చోటు వద్దా?

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి ఉంది. ముసలివారు కుర్చీ వదలకపోతే పడుచువారికి చోటెక్కడ? వేళ్ళు తడబడుతున్నా నేనే వాయిస్తాననడం అహంకారం కాదా? గుడిలో పాట దేవునికోసమా, వాయించేవాని సంతృప్తి కోసమా?

ఈ ప్రశ్నను దాటవేయకూడదు. మన సంఘాల్లో పదవి పట్టుకుని వేలాడే పెద్దలూ ఉన్నారు. విద్యను నిలుపుకోవడం వేరు, స్థానాన్ని పట్టుకోవడం వేరు. రూబిన్‌స్టైన్ తానే ఒక రోజున చాలించారు. మన శ్రీపాద పినాకపాణిగారిని తలచుకోండి. 1913లో పుట్టి 2013లో, నూరేళ్ళకు కొద్ది నెలల ముందు, మరణించారు. వృత్తిచేత వైద్యుడు, వైద్యవిద్య బోధించిన ఆచార్యుడు. సంగీతంలో ఆయన తన గొంతుకన్నా శిష్యుల గొంతులే ముఖ్యమనుకున్నారు. నేదునూరి కృష్ణమూర్తిగారు, వోలేటి వెంకటేశ్వర్లుగారు, నూకల చినసత్యనారాయణగారు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. తనకు తెలిసిన కృతులను స్వరపరచి 'సంగీత సౌరభం' పేరిట నాలుగు సంపుటాలుగా ఇచ్చివెళ్ళారు. చేతిలోని విద్యను ఇతరుల చేతుల్లో పెట్టడమూ దాన్ని నిలుపుకోవడమే. ఎవరికైనా నేర్పుతూ కూర్చునేవాడు తానూ సాధన చేస్తున్నట్టే.

కాని అభ్యంతరంలో దాగిన పొరపాటు కూడా ఒకటుంది. తడబాటు కనబడగానే కారణం వయసేనని తీర్పు చెప్పేస్తాం. వ్లదీమిర్ హోరోవిట్జ్ అనే మహా విద్వాంసుడు 1983లో జపానులో కచేరీ చేస్తే వేళ్ళు తప్పులమీద తప్పులు చేశాయి. ఆయన వయసు డెబ్భై తొమ్మిది. ఇక ఆయన పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. ఆ రోజుల్లో ఆయన వాడుతున్న మందుల ప్రభావం చేతులమీదా జ్ఞాపకం మీదా పడింది. అవి మానేసి, మళ్ళీ సాధన చేసి, 1985లో వేదికకు తిరిగి వచ్చారు. 1986లో మాస్కోలో ఆయన చేసిన కచేరీని లోకం ఇప్పటికీ వింటోంది. అప్పటికి వయసు మూడేళ్ళు పెరిగిందే కాని తగ్గలేదు.

కాబట్టి మన బాధ్యత రెండు వైపులా ఉంది. పెద్దవారు వయసును సాకుగా చూపి సాధన మానకూడదు, తమ పరిమితి గురించి అబద్ధమూ ఆడుకోకూడదు. "ఇది చేయగలను, ఇది చేయలేను" అని నిజాయితీగా విడదీసుకోవాలి. మిగిలిన మనం వారు చేయగలిగినదానికి ఒక చోటు, ఒక సమయం, వినేవారు నలుగురు ఉండేలా చూడాలి. ఎందుకంటే సాధన గదిలో ఒంటరిగా బతకదు. వచ్చే ఆదివారం వాయించాలన్న ఎదురుచూపు ఉన్నవాడే శనివారం సాయంత్రం పెట్టె తెరుస్తాడు. ఆ ఆదివారాన్ని మనం తీసేసి, పెట్టె ఎందుకు తెరవలేదని అడగడం న్యాయం కాదు.

చేయలేని రోజు

అన్నీ సరిగా చేసినా ఒక రోజు వస్తుంది. పక్షవాతం వస్తుంది, మతిమరుపు వస్తుంది, చేయి వణుకుతుంది. సాధనతో అన్నీ జయించవచ్చని చెబితే నేను అబద్ధం చెప్పినవాడినవుతాను. అంతకంటే ప్రమాదం, చేయలేనివారిని సోమరులుగా చూసినవాడినవుతాను.

లియోన్ ఫ్లైషర్ అనే అమెరికా వాద్యకారునికి ముసలితనం రాకముందే, ముప్పై ఆరేళ్ళ ప్రాయంలో, కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. ఎంత సాధన చేసినా తెరుచుకోలేదు. ఆయన పిల్లలకు నేర్పారు, వాద్యబృందాలను నడిపించారు, ఎడమచేతికోసం రాసిన రచనలు వాయించారు. అలాంటి రచనల్లో పేరుపొందినది ఫ్రాన్సు దేశపు రావెల్ రాసినది. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న పౌల్ విట్గెన్‌స్టైన్ అడిగితే ఆయన కోసమే రాశారు. తత్వశాస్త్రం చదివినవారికి తెలిసిన లూడ్విగ్ విట్గెన్‌స్టైన్‌కు ఈయన సొంత అన్న. సుమారు ముప్పై ఏళ్ళ తర్వాత చికిత్సతో ఫ్లైషర్ కుడిచేయి కొంత దారికి వచ్చి మళ్ళీ రెండు చేతులతో వాయించారు. రాకపోయి ఉంటే? అప్పుడూ ఆయన ఆయనే. మనిషి తన వేళ్ళకన్నా పెద్దవాడు. విద్య మనిషికి అబ్బుతుంది, మనిషి విద్యకోసం పుట్టలేదు.

మా పెద్దాయన కథ పూర్తి చేస్తాను. ఆ పండుగ అయిన మర్నాడు నేను ఆయన ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. "అయ్యో, మీరేంటండీ" అన్నారే కాని కళ్ళు తుడుచుకున్నారు. గుడిలో మూలపడిన హార్మోనియానికి తిత్తి బాగుచేయించి ఆయన అరుగు మీదికి చేర్చాం. ఆయన రోజూ సాయంత్రం అరగంట కూర్చునేవారు. మొదట ఒట్టి సరళీ స్వరాలు. పడుచుతనంలో నేర్చుకున్నవే మళ్ళీ మొదటినుంచి. నాలుగు నెలలకు పాట వచ్చింది. అన్ని పాటలూ రాలేదు. వేగంగా నడిచేవి వదిలేశారు. ఉంగరపు వేలు పూర్తిగా దారికి రానేలేదు, ఆ వేలు లేకుండానే స్వరం పట్టే ఉపాయం కనిపెట్టుకున్నారు. "రెండు పాటలు చాలండి, ఫాదరుగారూ. కానుకల పాటా, సత్ప్రసాదం పాటా నాకు వదిలేయండి. మిగతావి పిల్లలు చూసుకుంటారు" అన్నారు. రూబిన్‌స్టైన్ పేరు ఆయన ఎన్నడూ వినలేదు.

మూడేళ్ళు అలా వాయించారు. అరుగు మీదికి నేర్చుకోవడానికి పిల్లలు వచ్చేవారు. ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. అప్పుడు నిజంగానే ఆగిపోయారు. గాయక బృందం వాళ్ళు నెలకొకసారి వెళ్ళి మంచం పక్కన పాడేవారు. ఆయన ఎడమచేత్తో తాళం వేసేవారు. తాళం తప్పిన పిల్లవాడిని కళ్ళతోనే కోప్పడేవారు. ఆయన ఇప్పుడు లేరు. రెండుసార్లు ఆయన సంగీతం ఆగింది. రెండోసారి ఆపింది రోగం. మొదటిసారి ఆపింది నేను.

మన ఇళ్ళలో

ప్రియ పాఠకులారా, ఇది హార్మోనియంతో ఆగే విషయం కాదు. "మీరు కూర్చోండి అమ్మమ్మగారూ, వంట మేం చూసుకుంటాం" అంటాం. ప్రేమతోనే అంటాం. ఆవకాయ కలపడం దగ్గరినుంచి ఒక్కొక్కటే ఆమె చేతిలోంచి తీసుకుంటాం. రెండేళ్ళు గడిచాక ఉప్పు పాళ్ళు మరచిపోయిందని నవ్వుకుంటాం. తాతగారి చేతిలోంచి కొబ్బరికాయల లెక్కపుస్తకం తీసుకుంటాం. తర్వాత ఆయనకు లెక్క తెలియడం లేదంటాం. ఉపదేశిగా ముప్పై ఏళ్ళు పనిచేసినాయనను జపం నడిపించమని అడగడం మానేస్తాం. తర్వాత ఆయన మాట తడబడుతోందంటాం. కాలువలో గుర్రపుడెక్క మనమే పెంచి, నీళ్ళు రావడం లేదని నిట్టూరుస్తాం.

ఈ వారం ప్రతి ఇంట్లోనూ మూడు ప్రశ్నలు వేసుకుందాం. మన ఇంటి పెద్దవారి చేతికి అబ్బిన విద్య ఏమిటి? దాన్ని వారు చివరిసారి చేసింది ఎప్పుడు? మానేశారంటే అది వారి శరీరం చెప్పినందువల్లనా, మనం చెప్పినందువల్లనా?

నాలాగా యాభై దాటినవారు ఇంకొకటి కూడా వేసుకోవాలి. డెబ్భైలో నిలుపుకోదలచినదాన్ని ఈవేళ సాధన చేస్తున్నామా? సంగీతమే కానక్కరలేదు. ఓర్పు అబ్బాలన్నా, క్షమించడం అబ్బాలన్నా, ప్రార్థన అబ్బాలన్నా దారి ఇదే. డెబ్భయ్యో యేట మొదలుపెడదామనుకున్న ఓర్పు డెబ్భయ్యో యేట రాదు.

71వ కీర్తనను ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. అది ఒక ముసలివాని ప్రార్థన. బలం ఉడిగిన కాలంలో తనను విడిచిపెట్టవద్దని అతడు వేడుకుంటాడు. కాని అక్కడితో ఆగడు. తరువాతి తరానికి చెప్పవలసినది తనవద్ద ఇంకా ఉందంటాడు. చివరకు వచ్చేసరికి తంత్రీవాద్యం మీటుతూ దేవుని స్తుతిస్తానంటాడు. తల నెరసినవాడు వాద్యం అడుగుతున్నాడు. అది అతని చేతికి అందించే పని మాత్రం మనది.